అలవాటు మాన్పించే మందులు వాడుతున్నప్పుడు నొప్పి మాత్రలతో జాగ్రత్త పడటం ఎలా?

ట్రమడాల్ మాత్రలకో, కోడీన్ కలిసిన దగ్గు మందుకో, పెంటజోసిన్ ఇంజెక్షనుకో, హెరాయిన్‌కో అలవాటు పడి, ఇప్పుడు వైద్యుని పర్యవేక్షణలో వాటినుంచి బయటపడుతున్నవారికోసం, వారిని కనిపెట్టుకొని ఉన్న ఇంటివారికోసం ఈ సూచనలు రాస్తున్నాను. చికిత్స ఎంత సజావుగా సాగుతున్నా ఏదో ఒక రోజు పన్ను నొప్పి వస్తుంది, లేదా బండి మీదనుంచి పడి చెయ్యి విరుగుతుంది. ఆ రోజు రాసే నొప్పి మందు, రోజూ వాడుతున్న మందు ఒంట్లో కలుసుకున్నప్పుడు ఏమి జరుగుతుందో ముందే తెలిసి ఉండాలి. మన ప్రాంతంలో ఈ అవసరం మరింత ఎక్కువ. అలవాటు మాన్పించే వైద్యుడు తిరుపతిలో, దంత వైద్యుడు చిత్తూరులో, ఆపరేషను చేసే వైద్యుడు వెల్లూరులోనో చెన్నైలోనో ఉండటం మనకు మామూలే కనుక, ఒకరు రాసిన చీటీ మరొకరి కంటపడదు. ఆ రెండు చీటీలనూ ఒకచోట చేర్చగలిగినవారు మీరే.

ముందుగా, మీ మందు ఏ రకానిదో తెలుసుకోండి

మాత్రల పట్టీ మీద పెద్ద అక్షరాలలో ఉండేది కంపెనీ పెట్టిన పేరు. దాని కింద చిన్న అక్షరాలలో ఉండే అసలు మందు పేరును చదవండి, లేదా మందుల షాపువారిచేత చదివించుకోండి. మన దగ్గర వాడే మందులు ముఖ్యంగా నాలుగు.

మొదటిది బ్యుప్రెనార్ఫిన్. దీనిని నాలుక కింద పెట్టుకొని కరగనివ్వాలి. చాలా సందర్భాలలో ఇది, నల్లమందు జాతి మందుల పనిని అడ్డుకునే నాలోక్సోన్‌తో కలిపి వస్తుంది. బ్యుప్రెనార్ఫిన్ కూడా నల్లమందు జాతి మందే, కాని సగం బలంతోనే పనిచేస్తుంది. మెదడులో ఈ జాతి మందులు అంటుకునే చోట్లను గ్రాహకాలు అంటారు. ఆ గ్రాహకాలను బ్యుప్రెనార్ఫిన్ పట్టుకున్నంత గట్టిగా మార్ఫిన్ గాని ట్రమడాల్ గాని పట్టుకోలేవు. తిరుపతి బస్టాండులో కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపుకోవడం అందరం చూసినదే. బ్యుప్రెనార్ఫిన్ అంతటితో ఆగదు, అప్పటికే కూర్చున్నవారిని కూడా లేపి తాను కూర్చుంటుంది. దీనితో వచ్చే చిక్కులు చాలావరకు ఈ ఒక్క గుణంనుంచే పుడతాయి.

రెండవది మెథడోన్. ఇది పూర్తి బలంతో పనిచేసే మందు, శరీరంలో చాలాసేపు నిలుస్తుంది, ఎంపిక చేసిన కేంద్రాలలోనే దొరుకుతుంది. మూడవది నాల్‌ట్రెక్సోన్. ఇది గ్రాహకాలను మూసివేస్తుంది తప్ప తాను ఏ మత్తూ ఇవ్వదు. అలవాటు పూర్తిగా ఆగిన తరువాత మళ్లీ అటువైపు పోకుండా ఉండటానికి దీనిని ఇస్తారు. నాలుగవది క్లోనిడిన్. ఇది అసలు రక్తపోటు మందు. మానేసేటప్పుడు వచ్చే చెమటలను, వణుకును, గుండెదడను తగ్గించడానికి కొన్నాళ్లపాటు వాడతారు.

మీది ఈ నాలుగింటిలో ఏదో తెలియకుండా ఇకపై చెప్పినది ఏదీ ఆచరణలో పెట్టవద్దు. ఎందుకంటే ఒకదానికి సరిపోయే సలహా మరొకదానికి ప్రాణాంతకం కావచ్చు.

చికిత్స మొదలుపెట్టే రోజున చివరి మాత్ర సమయాన్ని దాచవద్దు

బ్యుప్రెనార్ఫిన్ మొదటి మోతాదు వేసే నాటికి ఒంట్లో ఇంకా ట్రమడాల్, టాపెంటడాల్, మార్ఫిన్, హెరాయిన్ వంటివి బలంగా ఉంటే, ఇది వాటిని ఒక్కసారిగా గ్రాహకాలనుంచి తొలగించి తన సగం బలాన్ని మాత్రమే ఆ స్థానంలో ఇస్తుంది. అప్పుడు, అలవాటైన మందు మానినప్పుడు మామూలుగా మెల్లగా రావలసిన బాధలన్నీ (వీటినే విత్‌డ్రాయల్ బాధలు అంటారు) గంట, రెండు గంటలలోనే ఒక్కుమ్మడిగా మీద పడతాయి: వాంతులు, విరేచనాలు, కడుపులో మెలిపెట్టడం, ఒళ్లంతా గగుర్పొడవడం, కూర్చోలేని, పడుకోలేని అశాంతి. అందుకే తక్కువసేపు పనిచేసే మందులు ఆపిన తరువాత సాధారణంగా 12 నుంచి 24 గంటలు, మెథడోన్ తరువాత అయితే 24 నుంచి 72 గంటలు ఆగి, బాధలు కంటికి కనిపించే స్థాయిలో మొదలయ్యాకే మొదటి మోతాదు ఇస్తారు. నాడి వేగం, కంటిపాప పరిమాణం, ఆవులింతలు, ముక్కు కారడం, ఎముకల నొప్పులు వంటి 11 లక్షణాలకు మార్కులు వేసే పట్టిక ఒకటి వైద్యుల దగ్గర ఉంటుంది. మార్కులు తగినన్ని వచ్చేదాకా వేచి ఉండమని చెప్పడం మిమ్మల్ని బాధ పెట్టడానికి కాదు.

ఈ విషయంలో రోగులు చెప్పే అబద్ధం సాధారణంగా ఒక్కటే: నిన్న రాత్రి వేసుకున్న మాత్రను మొన్న వేసుకున్నట్టు చెప్పడం. మందలిస్తారన్న భయంతో చెప్పే ఆ మాట వల్ల నష్టపోయేది మందలించేవారు కాదు. చివరి మాత్ర పేరు, సంఖ్య, వేసుకున్న గంట కాగితం మీద రాసి తీసుకువెళ్లండి. ఒకవేళ మొదటి మోతాదు తరువాత పైన చెప్పిన బాధలు ఒక్కసారిగా మొదలైతే, పాత మాత్ర వేసుకొని సర్దుకుందామని చూడవద్దు. గ్రాహకాలు అప్పటికే నిండిపోయాయి కనుక అది పనిచేయదు, ఎక్కువ వేసుకుంటే అపాయం కూడా. ఇచ్చిన వైద్యుణ్ణే వెంటనే సంప్రదించండి. బ్యుప్రెనార్ఫిన్‌నే మరికొంత ఇచ్చి బాధ తగ్గించే పద్ధతి వారికి తెలుసు.

నాల్‌ట్రెక్సోన్ విషయంలో గడువు ఇంకా పెద్దది. నల్లమందు జాతి మందులన్నీ ఆపి 7 నుంచి 10 రోజులు, బ్యుప్రెనార్ఫిన్ లేదా మెథడోన్ వాడినవారైతే 2 వారాలదాకా గడిచాకే దానిని మొదలుపెడతారు. ముందుగా కాలేయ పరీక్ష కూడా చేయిస్తారు. ఆ గడువు మధ్యలో పంటి నొప్పికి ఎవరో ఇచ్చిన ఒక్క ట్రమడాల్ మాత్ర వేసుకున్నా ఆ సంగతి చెప్పి తీరాలి. నాల్‌ట్రెక్సోన్ తెచ్చిపెట్టే బాధ ఒక రోజుకు పైగా కూడా ఉండవచ్చు.

ఒక చీటీ రాసి పర్సులో పెట్టుకోండి

అందులో వాడుతున్న మందు అసలు పేరు, మోతాదు, రోజుకు ఎన్నిసార్లు, ఎప్పటినుంచి, చికిత్స చేసే వైద్యుని ఫోను నంబరు ఉంటే చాలు. ఫోనులో ఫొటో తీసి ఉంచినా ఒక కాగితం కూడా ఉండాలి. ప్రమాదంలో ఫోను పగలవచ్చు, తాళం తెరిచేవారు పక్కన లేకపోవచ్చు. నాల్‌ట్రెక్సోన్ వాడేవారికి ఇది మరీ ముఖ్యం. స్పృహ లేని స్థితిలో ఆసుపత్రికి చేరినప్పుడు మార్ఫిన్ ఎందుకు పనిచేయడం లేదో ఆ కాగితం లేకుండా అక్కడివారు ఊహించలేరు.

నొప్పి మందులను వేరు చేసి చూడండి

పారాసిటమాల్‌కు, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ వంటి వాపు తగ్గించే మందులకు నల్లమందు జాతి గ్రాహకాలతో పని లేదు. కనుక బ్యుప్రెనార్ఫిన్‌తోనైనా, నాల్‌ట్రెక్సోన్‌తోనైనా వీటికి ఆ రకమైన తగవు ఉండదు. అలాగని ఇవి హాని లేనివి కావు: పారాసిటమాల్ పెద్దవారికి రోజుకు 4 గ్రాములు దాటకూడదు, మద్యం అలవాటు గాని కాలేయ జబ్బు గాని ఉన్నవారికి వైద్యులు ఇంకా తగ్గిస్తారు, వాపు మందులు కడుపులో పుండ్లు ఉన్నవారికి, మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారికి, గుండె జబ్బు ఉన్నవారికి కీడు చేస్తాయి.

అసలు చిక్కు పేరులో కనిపించకుండా దాగిన మందులతో వస్తుంది. పన్ను పీకించుకున్నవారికి, నడుము పట్టినవారికి విరివిగా రాసే ఒక మాత్రలో 325 మిల్లీగ్రాముల పారాసిటమాల్‌తోపాటు 37.5 మిల్లీగ్రాముల ట్రమడాల్ కలిసి ఉంటుంది. అది బలమైన పారాసిటమాల్ మాత్రేననుకొని మింగేవారు ఎందరో. ట్రమడాల్ వైపు చూపు ఎక్కువ సేపు నిలపాలి, ఎందుకంటే ఇది రెండు పనులు చేస్తుంది. నల్లమందు జాతి గ్రాహకాలకు అంటుకోవడం ఒకటి. మెదడులో సెరటోనిన్, నార్ ఎడ్రినలిన్ అనే రసాయనాలను పెంచడం రెండవది. బ్యుప్రెనార్ఫిన్ వాడుతున్నవారు దీనిని వేసుకుంటే మొదటి పని అడ్డుకోబడి నొప్పి సరిగా తగ్గదు. తగ్గలేదని మరో రెండు వేసుకుంటే రెండవ పని మాత్రం పెరుగుతూనే పోయి ఫిట్స్ రావచ్చు. దిగులుకు ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్ వంటివి వాడుతున్నవారిలో, లేదా ఎముక చీముకు లినెజోలిడ్ ఇస్తున్నవారిలో, ట్రమడాల్ చేరితే వణుకు, జ్వరం, కండరాలు బిగుసుకోవడం, మాట తడబడటం వంటి సెరటోనిన్ లక్షణాలు కలగవచ్చు. టాపెంటడాల్‌నూ ఇదే జాగ్రత్తతో చూడాలి. ఇంతకాలం ట్రమడాల్‌కే అలవాటుపడినవారు ఒక్కరోజులో దానిని ఆపితే, మిగిలిన మందుల మాదిరి బాధలతోపాటు తీవ్రమైన భయం, గందరగోళం కూడా రావచ్చు కనుక, మెల్లగా తగ్గించే పనిని వైద్యునికే వదిలిపెట్టండి.

మూడవ గుంపు ఇంజెక్షన్లది. పెంటజోసిన్, బ్యుటార్ఫనాల్, నాల్బుఫిన్ అనే మందులు ఒక గ్రాహకాన్ని ప్రేరేపిస్తూ మరొకదాన్ని అడ్డుకుంటాయి. మెథడోన్‌పైనో బ్యుప్రెనార్ఫిన్‌పైనో ఉన్నవారికి నొప్పి కోసం వీటిని పొడిస్తే, నొప్పి తగ్గకపోగా విత్‌డ్రాయల్ బాధ మొదలుకావచ్చు. మన ఆసుపత్రులలో పెంటజోసిన్ కొత్తది కాదు. కాన్పు సమయంలోనూ ఇస్తారు. గర్భిణి బ్యుప్రెనార్ఫిన్ వాడుతుంటే, దానిని సొంతంగా మానేయక, కాన్పు తేదీకి ముందే ప్రసూతి వైద్యురాలికి ఈ సంగతి తెలియజేసి, పై మూడు ఇంజెక్షన్లు వద్దని కేసు షీటులో రాయించాలి.

క్లోనిడిన్ వాడేవారు చూసుకోవలసింది ఇంకొకటి. ఎసిక్లోఫెనాక్‌తో కలిపి కండరాల బిగువుకు ఇచ్చే కొన్ని మాత్రలలో టిజానిడిన్ ఉంటుంది. క్లోనిడిన్, టిజానిడిన్ రెండూ ఒకే దారిలో రక్తపోటును తగ్గిస్తాయి కనుక, రెండూ కలిస్తే లేచి నిలబడగానే కళ్లు తిరిగి పడిపోవచ్చు. అలాగని కొన్ని వారాలుగా వాడుతున్న క్లోనిడిన్‌ను హఠాత్తుగా ఆపినా రక్తపోటు ఎగిసిపడుతుంది.

చిన్న నొప్పి వస్తే చేయవలసినది

బ్యుప్రెనార్ఫిన్ మోతాదును మానకండి. దానిని మానేస్తే నొప్పి మందు బాగా పనిచేస్తుందన్న ఆలోచన చాలామందికి వస్తుంది గాని, ఆ మందు శరీరంనుంచి పోవడానికి రోజులు పడుతుంది. ఈలోగా నొప్పీ ఉంటుంది, పాత కోరికా తిరిగి వస్తుంది. దానికి బదులు మీ వైద్యుణ్ణి ఒక ప్రశ్న అడగండి: రోజుకు ఒక్కసారి వేసుకునే మోతాదును మూడు, నాలుగు భాగాలుగా చేసి 6 నుంచి 8 గంటలకు ఒకసారి వేసుకోవచ్చా అని. బ్యుప్రెనార్ఫిన్ విత్‌డ్రాయల్ బాధను రోజంతా ఆపగలిగినా, నొప్పిని మాత్రం 6 నుంచి 8 గంటలే తగ్గిస్తుంది. దానిమీద పారాసిటమాల్, సరిపడితే వాపు మందు, ఐసు కాపడం చేర్చితే చాలా పంటి నొప్పులు, బెణుకులు లొంగుతాయి. దంత వైద్యుడు ఇచ్చే తిమ్మిరి ఇంజెక్షనుకు ఈ మందులతో అడ్డు లేదు. నాలుక కింద కరిగే మాత్రలు పళ్లను పాడుచేయగలవు కనుక, మాత్ర పూర్తిగా కరిగాక నోరు నీళ్లతో పుక్కిలించి, గంటసేపు ఆగి పళ్లు తోముకోవాలి. ఈ చిన్న పని చేస్తే దంత వైద్యుని దగ్గరికి వెళ్లే అవసరమే తగ్గుతుంది.

ఎముక విరిగి పుత్తూరు కట్టు కట్టించుకున్నవారు ఒక సంగతి గమనించాలి. కట్టు కట్టించుకోవడం మీ ఇష్టం. దాని మంచిచెడ్డలు ఇక్కడి విషయం కాదు. కాని కట్టు తరువాత రాత్రి నొప్పి తిరగబెట్టినప్పుడు తోడు వచ్చినవారు దారిలోని మందుల షాపులో కొనితెచ్చే మాత్రకు చీటీ ఉండదు, రాసిన వైద్యుడూ ఉండడు. ట్రమడాల్ గాని టాపెంటడాల్ గాని మీ చేతికి ఎవరికీ తెలియకుండా వచ్చే దారులలో ఇది ఒకటి. ఇంటినుంచి బయలుదేరేటప్పుడే తోడు వచ్చేవారికి మీ చీటీ చూపించండి. అలిపిరి మెట్లు ఎక్కేముందు మోకాళ్ల నొప్పికని పక్కవారు ఆప్యాయంగా ఇచ్చే మాత్ర సంగతీ అంతే; పేరు చదవకుండా నోట్లో వేసుకోవద్దు.

ఆపరేషను ఉంటే ముందే మత్తు డాక్టరుతో మాట్లాడండి

తిరుపతిలోని రుయా, స్విమ్స్, బర్డ్ ఆసుపత్రులలో, చిత్తూరు జిల్లా ఆసుపత్రిలో, లేదా వెల్లూరులో, ఎక్కడ ఆపరేషను జరిగినా మత్తు డాక్టరు ముందుగా ఒకసారి మిమ్మల్ని పరీక్షించే రోజు ఉంటుంది. శస్త్రచికిత్స చేసే వైద్యునికన్నా ఆయనతో జరిగే ఆ పది నిమిషాల మాటే మీకు ఎక్కువ ఉపయోగం అని నా అభిప్రాయం. బ్యుప్రెనార్ఫిన్ వాడేవారికి ఇప్పుడు ఎక్కువమంది వైద్యులు ఆపరేషను రోజున కూడా మందు కొనసాగించమంటున్నారు. నొప్పిని నరాల బ్లాకుతో (ఆ భాగానికి వెళ్లే నరాలకు తిమ్మిరి ఇంజెక్షను ఇవ్వడంతో), పారాసిటమాల్‌తో, అవసరమైతే వార్డులో కనిపెట్టి చూస్తూ ఇచ్చే బలమైన మందుతో తగ్గిస్తారు. ఆ బలమైన మందు మామూలుకన్నా ఎక్కువ మోతాదులో కావలసి రావచ్చు కనుకనే అది ఇంట్లో చేసే పని కాదు. మెథడోన్ వాడేవారి రోజువారీ మోతాదు నొప్పి మందు కిందికి రాదు. అది అలాగే సాగాలి, నొప్పికి వేరే మందు కావాలి.

నాల్‌ట్రెక్సోన్ దారి దీనికి భిన్నం. 50 మిల్లీగ్రాముల మాత్ర ఒక రోజంతా గ్రాహకాలను మూసి ఉంచుతుంది. ముందే తేదీ పెట్టుకున్న ఆపరేషనుకు కనీసం 72 గంటల ముందు దానిని ఆపమని వైద్యులు చెబుతారు. నెలకొకసారి వేసే ఇంజెక్షను రకమైతే చివరి సూది పడి దాదాపు 4 వారాలు గడిచేలా తేదీ పెడతారు. ఎప్పుడు ఆపాలో, ఆపరేషను తరువాత ఎప్పుడు తిరిగి మొదలుపెట్టాలో ఇద్దరు వైద్యులూ మాట్లాడుకొని రాసి ఇవ్వాలి. నాల్‌ట్రెక్సోన్ అడ్డును బద్దలుకొట్టాలని పెద్ద మోతాదులో నొప్పి మందు వేసుకోవడంకన్నా ప్రమాదకరమైన పని లేదు. అడ్డు తొలగిపోయే వేళకు ఒంట్లో మిగిలిన మందు శ్వాసను ఆపగలదు.

శ్వాసను నెమ్మదింపజేసే జతలకు దూరంగా ఉండండి

బ్యుప్రెనార్ఫిన్ ఒక్కటే అయితే శ్వాసను తగ్గించడంలో ఒక హద్దు దగ్గర ఆగుతుంది. నిద్రకోసం వేసుకునే ఆల్ప్రజోలామ్, క్లోనజెపామ్, డయాజెపామ్ గాని, మద్యం గాని తోడైతే ఆ హద్దు నిలవదు. మెథడోన్‌కు ఆ హద్దు కూడా లేదు. నరాల నొప్పికి, షుగరువారి అరికాళ్ల మంటకు బి12 విటమినుతో కలిపి ఇచ్చే మాత్రలలో ప్రెగాబలిన్ గాని గాబాపెంటిన్ గాని ఉంటుంది. వాటిని విటమిను మాత్రలని పొరపడకండి, అవి కూడా ఈ జతలోకే వస్తాయి.

క్షయ చికిత్సలోని రిఫాంపిసిన్ వేరే రకంగా దెబ్బతీస్తుంది. అది కాలేయంలో మందులను కరిగించే పనిని వేగవంతం చేయడం వల్ల మెథడోన్, బ్యుప్రెనార్ఫిన్ మోతాదులు చాలకుండా పోయి, కొన్ని రోజులలో విత్‌డ్రాయల్ బాధలు తిరిగి మొదలవుతాయి. ఫిట్స్‌కు వాడే కార్బమజెపిన్, ఫెనిటాయిన్ కూడా అంతే. దీనికి విరుగుడు మోతాదు సవరణే గాని, క్షయ మందు మానడం కాదు, నొప్పి మాత్ర చేర్చడమూ కాదు. మెథడోన్ వాడేవారు గుండె లయపై ప్రభావం చూపే మందులేమైనా కొత్తగా చేరితే ఇ.సి.జి. గురించి అడగాలి.

ప్రమాదం ముంచుకొస్తే

పిలిచినా పలకకపోవడం, గురక మాదిరి శబ్దంతో శ్వాస ఆగి ఆగి రావడం, పెదవులు నీలంగా మారడం, కంటిపాప సూదిమొనంత కావడం కనిపిస్తే వెంటనే 108కు ఫోను చేయండి. మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టండి. మజ్జిగ, నిమ్మరసం వంటివేవీ నోట్లో పోయవద్దు. అవి ఊపిరితిత్తులలోకి పోతాయి. శ్వాస ఆగితే, తెలిసినవారు నోటితో శ్వాస అందిస్తూ ఉండాలి. ఆసుపత్రిలో ఇచ్చే నాలోక్సోన్ ఇంజెక్షను నిమిషాలలో మనిషిని లేపుతుంది గాని, దాని పని 30 నుంచి 90 నిమిషాలలో ముగిసిపోవచ్చు. మెథడోన్ వంటివి అంతకన్నా చాలాసేపు ఉంటాయి కనుక, లేచి కూర్చున్నాడు కదా అని వెంటనే ఇంటికి తీసుకురాకూడదు. కొన్ని వారాలు మానేసినవారు పాత మోతాదునే తిరిగి వేసుకున్నప్పుడు ఈ పరిస్థితి ఎక్కువగా వస్తుంది; ఓర్చుకునే శక్తి అప్పటికి తగ్గిపోయి ఉంటుంది.

భయపడి దాచవలసిన పని లేదు

ట్రమడాల్‌ను 2018లో మాదకద్రవ్యాల చట్టం పరిధిలోకి తెచ్చారు. దానిని, బ్యుప్రెనార్ఫిన్‌ను హెచ్1 షెడ్యూలు (అమ్మకంపై గట్టి నియమాలున్న మందుల జాబితా) కింద అమ్మేటప్పుడు మందుల షాపువారు రోగి పేరు, వైద్యుని పేరు ప్రత్యేక రిజిస్టరులో రాసి 3 సంవత్సరాలు భద్రపరచాలి. షాపువారు పేరు అడిగితే అది పోలీసు విచారణ కాదు. 1985 నాటి ఆ చట్టంలోనే, స్వచ్ఛందంగా చికిత్సకు వచ్చినవారికి కొన్ని హద్దులతో ప్రాసిక్యూషన్‌నుంచి రక్షణ ఇచ్చే 64ఎ సెక్షను ఉంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మీ చికిత్స వివరాలను గోప్యంగా ఉంచుకునే హక్కు ఇస్తుంది. రుయాలోని మానసిక వైద్య విభాగంలో మాట్లాడవచ్చు; ఇంటినుంచే అయితే 14446 వ్యసన విముక్తి సహాయానికి, 14416 టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవకు ఉచిత నంబర్లు. నా సలహా ఏమిటంటే, ఊరంతా తిరగక ఒకే మందుల షాపును ఎంచుకోండి. రెండు చీటీలలోని మందులు తగవుపడుతున్నాయని మొదట గమనించగలిగేది ఆ కౌంటరు వెనుక ఉన్న ఫార్మసిస్టే.

ఆపరేషను తరువాత మిగిలిపోయిన నొప్పి మాత్రలను బీరువాలో ఉంచుకోకండి. ఇంట్లోని మరొకరు లెక్కపెట్టి తమ దగ్గర పెట్టుకొని, అవసరం తీరగానే ఆసుపత్రి ఫార్మసీవారిని అడిగి వారు చెప్పిన విధంగా పారేయాలి. బ్యుప్రెనార్ఫిన్ మాత్రలను పిల్లలకు అందని చోట తాళం వేసి ఉంచండి; పెద్దవారికి చికిత్స అయిన ఒక్క మాత్ర చిన్నపిల్లల శ్వాసను ఆపడానికి చాలు.